నాలుగో కాలు నీళ్లు తాగింది

వంతెనకి ఏం పేరు పెట్టాలన్న గొడవ ఎంతదాకా వెళ్లిందంటే, వంతెన మొదట్లో ఉన్న గోడ మీద రంగు వేలెడు మందాన పేరుకుపోయింది. ఇవతలి ఒడ్డువాళ్లు పొద్దున్నే వచ్చి "పిటిషన్ తాతయ్య వంతెన" అని రాయించిపోయేవాళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవతలి ఒడ్డువాళ్లు దాని మీద సున్నం కొట్టించి "పడవ బాబాయి వంతెన" అని రాయించేవాళ్లు. పెయింటర్ ఇద్దరికీ ఒక్కడే. చేతిరాత మారదు కాబట్టి దూరం నుంచి చూస్తే వంతెన తనతో తనే పోట్లాడుకుంటున్నట్టు ఉండేది.

ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ పోయినవాళ్లే, చిక్కంతా అక్కడే వచ్చింది. పిటిషన్ తాతయ్య ముప్పై ఏళ్లు వంతెన కావాలని అర్జీలు రాస్తూ రాస్తూనే పోయాడు. పడవ బాబాయి వరదలో నలభై మందిని అవతలికి చేర్చి, ఆఖరి ట్రిప్పులో తను మాత్రం తిరిగి రాలేదు. బతికుంటే "మీ పేరు పెట్టించుకోండి", "కాదు మీదే" అని ఒకళ్లనొకళ్లు బతిమాలుకునేవాళ్లేమో. వాళ్ల తరఫు జనానికి ఆ మొహమాటం లేదు. "ఇంకో నెల ఇలాగే కొట్టుకుంటే ఈ గోడ మీద రంగుతోనే ఇంకో వంతెన కట్టేయొచ్చు" అనేవాడు సైట్ మేస్త్రీ.

ఇదంతా చిట్టికి మొదట్లో తమాషాగానే ఉండేది. సైట్లో ఆమె ఇంజనీరమ్మ, ఇంట్లో చిట్టి. ఉత్తరం వచ్చిన రోజు నుంచి తమాషా పోయింది.

ఆ రోజు నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. సిటీ బస్సు నడుపుతాడాయన, ఇరవై రెండేళ్లుగా అదే రూటు. వెంట కండక్టర్ బాబాయి కూడా టీకి వచ్చాడు. కవరు చించి, సగం చదివి, నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చిట్టీ, ఇలా రా. ఇది నువ్వు చదువు. నేను చదువుతుంటే అబద్ధంలా ఉంది."

చిట్టి చదివింది. పేరు నిర్ణయించే కమిటీ నుంచి. రెండు ఒడ్లవాళ్లూ ఎట్టకేలకు ఒక మాట మీదికి వచ్చారట. వంతెనని మోసే స్తంభాల్లో నాలుగోదైన పియర్‌లో లోపం కనిపెట్టి, వంతెన కూలిపోకుండా కాపాడిన యువ ఇంజనీర్ గౌరవార్థం దీనికి "ఇంజనీరమ్మ వంతెన" అని పేరు పెడదామనుకుంటున్నారట. ఆదివారం పదింటికి వంతెన కింద సైట్ యార్డులో సభ, దయచేసి వచ్చి సమ్మతి తెలపాలట.

"ఇన్నాళ్లూ మన ఇంట్లో వాళ్ల పేరు ఎక్కడన్నా అచ్చయిందంటే కరెంటు బిల్లు మీదే" అంది అమ్మ, చెయ్యి తుడుచుకుని ఉత్తరం పట్టుకుంటూ.

కండక్టర్ బాబాయి అప్పుడే గొంతు సవరించుకున్నాడు. "ఇంజనీరమ్మ వంతెన, ఇంజనీరమ్మ వంతెన, దిగేవాళ్లు ముందుకి రండి. ఎలా ఉంది అన్నయ్యా? కొంచెం పొడుగైంది గానీ నోటికి బాగానే తిరుగుతోంది."

"ఇంకోసారి అను" అన్నాడు నాన్న.

బాబాయి ఇంకోసారి అన్నాడు. నాన్న నవ్వాపుకుంటూ టీ గ్లాసు వైపు చూస్తున్నాడు. ఆ నవ్వు చూసేసరికి చిట్టి కొరికిన బిస్కెట్ మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. ఎందుకంటే ఆ నాలుగో పియర్ లోపం కనిపెట్టింది ఆమె కాదు. ఆ సంగతి ఖాయంగా తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే, అందులో ఒకరు నోరు విప్పరు, ఒకరిని ఎవరూ అడగలేదు, మూడోది చిట్టే.

రెండేళ్ల కిందటి మాట. కాంక్రీటు పోశాక పియర్‌ని రెండు వారాలు తడి ఆరకుండా చూసుకోవాలి, లేకపోతే బీటలిస్తుంది. చుట్టూ గోనెపట్టాలు కట్టి పైనుంచి గొట్టంతో నీళ్లు వదులుతూ ఉంటారు. ఆ పని చేసే ఆవిణ్ని అందరూ నీళ్లమ్మ అనేవాళ్లు. యాభై దాటిన మనిషి, చెప్పులు కింద విడిచి, గొట్టం భుజాన వేసుకుని, కుర్రకారు కంటే వేగంగా పైకెక్కేది. పియర్లని ఆవిడ పియర్లు అనేది కాదు, కాళ్లు అనేది. "నాలుగో కాలికి పట్టా జారిపోయింది" అని ఆవిడ పైనుంచి కేకేస్తే, కొత్తగా వచ్చిన కూలీలు తమ కాళ్ల వంక చూసుకునేవాళ్లు.

ఒక్కో పియర్‌కి రోజుకి నాలుగు డ్రమ్ముల నీళ్లు అన్నది లెక్క. నాలుగో పియర్‌కి మాత్రం ఆరు పోతున్నాయి. అసలే ఎండాకాలం, నీళ్లు ట్యాంకర్లో రావాలి. చిట్టి ఉద్యోగంలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు.

నీళ్లమ్మ తనే వచ్చి చెప్పింది. "ఇంజనీరమ్మా, మిగతా కాళ్లన్నీ స్నానం చేస్తున్నాయి. నాలుగోది ఒక్కటీ తాగుతోంది. పైన పోసింది పోసినట్టు కిందికి రావట్లేదు. ఒకసారి ఎక్కి చూడు."

చిట్టి చేతిలో డ్రాయింగులు, చెవి దగ్గర ఫోను. "కాంక్రీటు అంత నీళ్లు తాగదమ్మా, వెళ్లి పని చూసుకో" అంది. ఎక్కి చూడటానికి పది నిమిషాలు పట్టేది, అంతే. ఎక్కలేదు.

ఆ సాయంత్రమే ప్రాజెక్టు మేనేజర్ నీళ్ల గురించి గట్టిగా అడిగాడు. మర్నాడు పొద్దున్న, రోజూలాగే నలభై మంది హెల్మెట్లు పెట్టుకుని యార్డులో వరస కట్టారు. ఆ రోజు ఏ పని, ఏ జాగ్రత్త అన్నది చెప్పే ఐదు నిమిషాల మీటింగు అది. చెప్పడం చిట్టి వంతు. వయసులో అందరికంటే చిన్నది, గట్టిగా ఉన్నట్టు కనపడాలనుకుంది.

"రోజుకి రెండు డ్రమ్ములు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు" అంది. "నాలుగో పియర్ తాగుతోందట. పియర్‌కి దాహమేస్తుందని నేనెప్పుడూ చదువుకోలేదు. నీళ్లు ఇంటికి పట్టుకెళ్తే దాన్ని దొంగతనం అంటారు."

నలభై మందీ నవ్వారు. బాగా నవ్వారు. చిట్టికి లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది, అది తల్చుకుంటేనే ఇప్పటికీ చెవులు కాలుతాయి. నీళ్లమ్మ హెల్మెట్ తీసి, లోపల చెమట తువ్వాలుతో తుడిచి, బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పనిలోంచి తీసేసిన కాగితం మీద చిట్టి సంతకం పెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం వేరే పని మీద చిట్టి నాలుగో పియర్ ఎక్కింది. గొట్టం కట్టేసి రెండు గంటలైంది. మిగతాదంతా పొడిగా ఉంది, సగం ఎత్తులో మాత్రం పళ్లెమంత మేర తడి, అందులోంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. పైన పోసిన నీళ్లు లోపలికి దిగి, ఎక్కడో నిలవుండి, అక్కడ బయటికొస్తున్నాయన్నమాట. సుత్తి తెప్పించి కొట్టింది. మిగతా చోట్ల గట్టి మోత వచ్చింది, అక్కడ డొల్ల మోత. లోపల ఇనప చువ్వలు మరీ ఒత్తుగా ఉన్నచోట కాంక్రీటు దిగక, ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉండిపోయింది. పైకి తెలియకుండా ఎవరో సిమెంటు పాలు పూసి నున్నగా చేసేశారు.

పని ఆగిపోయింది. పెద్దవాళ్లు వచ్చారు. నాలుగో పియర్‌ని సగం దాకా పగలగొట్టి మళ్లీ పోశారు. రిపోర్టు రాయాల్సింది చిట్టే. "తనిఖీ సమయంలో గమనించాను" అని రాసింది. కింద ఇంకో వాక్యం రాయాలనుకుంది, నీళ్లు తడిపే కార్మికురాలు ముందే చెప్పింది అని. కానీ ఆ వాక్యం రాస్తే, మరి ఆవిడ ఇప్పుడెక్కడ అని అడుగుతారు. అప్పుడు ఇంకో వాక్యం రాయాలి. కలం మూసేసింది.

తర్వాత పేపరువాళ్లు వచ్చారు, హెల్మెట్ పెట్టి, సుత్తి చేతికిచ్చి ఫొటో తీశారు. "వంతెనను కాపాడిన అమ్మాయి" అని వేశారు. నాన్న ఆ ముక్క కత్తిరించి బస్సులో అద్దం పక్కన అంటించుకున్నాడు. రేపు చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ చిట్టి రెండేళ్లు గడిపేసింది. చెప్పకూడదనుకోలేదు, నిజం. రోజూ చెప్పాలనే అనుకుంది, రోజూ చెప్పలేదు.

ఉత్తరం వచ్చిన మర్నాడు చిట్టి మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లింది. రెయిలింగుకి రంగు వేయిస్తున్నాడు.

"మేస్త్రీ గారూ, నీళ్లమ్మ ఎక్కడుంటోంది ఇప్పుడు?"

ఆయన బ్రష్షు వంకే చూస్తూ, "ఎందుకమ్మా ఇప్పుడవన్నీ. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి" అన్నాడు.

"ఆవిడే చెప్పిందని మీకు తెలుసు."

"తెలుసు. ఆ పైన పాలు పూసింది ఎవరో కూడా తెలుసు, మా వాళ్లే. మీరు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాది పూత, మీది సంతకం." రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "రింగురోడ్డు మీద మొక్కలమ్మే తోట ఉంది చూడండి, అక్కడ. ఏ సైట్లోనూ పని దొరకలేదట. మాట లారీ కంటే ముందు వెళ్తుందమ్మా మన లైన్లో. ఆవిడ వెళ్లేలోపే నీళ్లదొంగ అన్న పేరు వెళ్లి కూర్చునేది."

ఇది చిట్టికి తెలియదు. ఏదో ఒక చోట పని చేసుకుంటూ ఉంటుందిలే అనుకుంది ఇన్నాళ్లూ. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకుంది.

తోటలో నీళ్లమ్మ వరసగా పెట్టిన కుండీలకి గొట్టంతో నీళ్లు పెడుతోంది. చిట్టిని చూసి పోల్చుకుంది గానీ గొట్టం ఆపలేదు.

"ఏం మొక్క కావాలి?"

"మొక్క కోసం రాలేదండీ. మీతో మాట్లాడాలి."

"మీతోనా" అంది నీళ్లమ్మ. "ఎప్పటినించి నేను 'అండీ' అయ్యాను, 'మీరు' అయ్యాను? అప్పుడు నువ్వే కదా."

చిట్టి చెప్పుకొచ్చింది. రిపోర్టు గురించి, ఫొటో గురించి, ఉత్తరం గురించి. తను కూర్చుని ప్రాక్టీసు చేసుకున్న వాక్యాలన్నీ నోట్లోకొచ్చేసరికి అడ్డంగా తిరిగాయి. "వంతెనకి మీ పేరు పెట్టమని అడుగుతాను" అంది చివరికి. అనేసి, పెద్ద మాట అన్నానని తనకే అనిపించింది.

నీళ్లమ్మ పక్క కుండీలోకి గొట్టం మార్చింది.

"నా పేరు దేనికి? ఒకళ్ల తాతయ్యా ఇంకొకళ్ల బాబాయీ కొట్టుకుంటున్నారు, మధ్యలో నేనెందుకు? నువ్వు ఇవ్వడానికి అది నీ వంతెనా?"

"మరి ఏం చేయమంటారు?"

"దొంగ అన్నావు. ఎక్కడన్నావు?"

"యార్డులో."

"ఎంతమంది ఉన్నారు?"

"నలభై మంది."

"అక్కడే నిలబడి తీసేసుకో ఆ మాట. ఇక్కడ మొక్కల ముందు చెబితే నాకేం లాభం? వీటికి నేను దొంగని కానని తెలుసు." అని, గొట్టం చివర బొటనవేలితో నొక్కి, "ఆ నల్ల కుండీ పక్కకి జరుపు, నీడలో ఉంది" అంది. చిట్టి జరిపింది.

"సభకి వస్తారా?"

"ఆదివారం గిరాకీ ఎక్కువ."

శనివారం మొత్తం చిట్టి నాన్నకి చెబుదామని చూసింది. నాన్న యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సభకి యూనిఫాంలో వస్తానన్నాడు, అదే తన దగ్గరున్న మంచి బట్టలట. కాలర్ మీద నీళ్లు చల్లి, మళ్లీ ఒత్తి, మళ్లీ చల్లాడు. చిట్టి గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్లింది. నీళ్లు నమలడం అంటారే, అది రెండేళ్లు చేసినవాళ్లకి ఒక రోజులో పోయే అలవాటు కాదు.

ఆదివారం నాలుగో పియర్ పక్కనే షామియానా వేశారు. అదే యార్డు. పొద్దున వరస కట్టే చోటే కుర్చీలు. ఇవతలి ఒడ్డువాళ్లు ఎడమ వైపు, అవతలి ఒడ్డువాళ్లు కుడి వైపు, మధ్యలో సైట్లో ఇంకా మిగిలిన కూలీలు, వెనక మేస్త్రీ, ట్యాంకర్ డ్రైవర్. ముందు వరసలో నాన్న, అమ్మ, కండక్టర్ బాబాయి. కమిటీ ఛైర్మన్ రిటైరైన జడ్జి, నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. రెండు ఒడ్లనీ ఒప్పించడానికి ఎంత అలిసిపోయిందో చెప్పింది, అందరూ నవ్వారు. తర్వాత చిట్టిని పిలిచింది.

"నేను ఒప్పుకోలేనండీ" అంది చిట్టి మైకులో.

వినయమనుకుని జనం చప్పట్లు కొట్టారు. నాన్న అందరికంటే ఎక్కువ కొట్టాడు.

"వినయం కాదండీ" అంది. "ఆ లోపం నేను కనిపెట్టలేదు. నీళ్లు పెట్టే ఆవిడ కనిపెట్టింది. నీళ్లమ్మ అనేవాళ్లం. నాలుగో కాలు నీళ్లు తాగుతోంది, ఎక్కి చూడు అని నాకు చెప్పింది. నేను ఎక్కలేదు. మర్నాడు ఇదిగో ఇక్కడే నిలబడి, నలభై మంది ముందు, ఆవిడ నీళ్లు దొంగతనం చేస్తోందని అన్నాను. పనిలోంచి తీసేశాను. తర్వాత ఆవిడ చెప్పింది నిజమని తెలిసింది. రిపోర్టులో నేనే చూశానని రాసుకున్నాను." మైకు ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఆవిడ దొంగ కాదు. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధం ఆడింది నేను."

చప్పట్లు లేవు. ఎవరి కుర్చీయో కిర్రుమంది. ట్యాంకర్ డ్రైవర్ తల దించుకున్నాడు, ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది అతనే. మేస్త్రీ లేచి నిలబడ్డాడు, ఏదో అనబోయాడు, అంతలో కుడి వైపు నుంచి ఒక గొంతు, "అయితే మళ్లీ పడవ బాబాయే" అంది. ఎడమ వైపు నుంచి, "ఎలా అవుతుందండీ, మేం వెనక్కి తగ్గింది ఈ అమ్మాయి కోసం" అన్నారు. అంతే, ఐదు నిమిషాల్లో పాత గొడవ కొత్తగా మొదలైంది. మేస్త్రీ మళ్లీ కూర్చున్నాడు.

ఛైర్మన్ చిట్టి చేతిలోంచి మైకు తీసుకుంటూ, మైకుకి వినపడకుండా అంది. "ఈ మాట రెండేళ్ల కింద చెప్పి ఉండాల్సిందమ్మా." తిట్టినా బాగుండేది. అలా మెల్లగా అనేసరికి చిట్టికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు వరసలో నాన్న కుర్చీ ఖాళీ. ఇంటికెళ్లేసరికి యూనిఫాం విప్పి వంకీకి తగిలించి ఉంది, ఇస్త్రీ నలగలేదు. ఆ రోజు నుంచి నాన్న చిట్టితో అవసరమైనవే మాట్లాడాడు. గొళ్లెం పెట్టు. ఫ్యాన్ ఆపు. అమ్మ మధ్యలో, "చెప్పింది కదండీ చివరికి" అంటే, "చివరికి" అన్నాడు, అంతే.

చిట్టి రిపోర్టు కూడా మార్చి రాసింది, ఆ రెండు వాక్యాలూ చేర్చి. ఆఫీసులో మెమో ఇచ్చారు, ఆర్నెల్లు ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టకూడదన్నారు. తోటకి వెళ్లి చెప్పింది.

"చెప్పాను. అందరి ముందు."

"ట్యాంకరోడు ఉన్నాడా?"

"ఉన్నాడు. తల దించుకున్నాడు."

"సరే" అంది నీళ్లమ్మ. క్షమించానని అనలేదు, అనాలని చిట్టి అడగలేదు. అడిగే మొహం లేదు.

వంతెన పేరు లేకుండానే తెరిచారు. బోర్డు మీద రోడ్డు నంబరు, వంతెన పొడవు, అంతే రాశారు. గోడ మీద సున్నం మాత్రం ఆగలేదు. బస్సులకి వంతెన మీద నాలుగో పియర్ దగ్గర, యార్డులోకి మెట్లు దిగే చోట, కొత్త స్టాపు ఇచ్చారు, దానికీ పేరు లేదు. కానీ జనానికి ఏదో ఒకటి కావాలి కదా. సభలో విన్నవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, ఇంట్లోవాళ్లు వీధిలో చెప్పారు, నెల తిరిగేసరికి అందరి నోటా ఒకటే మాట.

ఒక పొద్దున చిట్టి యార్డుకి వెళ్లడానికి నాన్న బస్సే ఎక్కింది. డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది. అద్దం పక్కన పేపరు ముక్క లేదు. నాలుగు మూలలా టేపు మాత్రం మిగిలింది, మధ్యలో చోటు మిగతా రేకు కంటే తెల్లగా ఉంది.

"నాకు చెప్పడానికి భయపడ్డావా?" అన్నాడు నాన్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నెల తర్వాత అదే మొదటి ప్రశ్న.

"ఆ ముక్క అంటించారు కదా నాన్నా. తీయించాలంటే..."

నాన్న గేరు మార్చాడు.

రింగురోడ్డు దగ్గర నీళ్లమ్మ ఎక్కింది. భుజాన గొట్టం చుట్ట, చేతిలో హెల్మెట్. వంతెన అవతలి చివర కొత్తగా పోసిన పక్క రోడ్డుకి తడి పెట్టాలి, ముందు యార్డుకి రమ్మని మేస్త్రీ కబురంపాడట. చిట్టిని చూసింది, పలకరింపుగా తల ఊపిందో, బస్సు కుదుపుకి ఊగిందో తెలియదు. చిట్టి సీట్లోంచి సగం లేచింది.

"కూర్చో, నేను దిగిపోయేదాన్నే" అంది నీళ్లమ్మ. కండక్టర్ బాబాయి వైపు తిరిగి, "నాలుగో కాలు ఒకటి" అంది.

బాబాయి టికెట్ చించాడు. బస్సు వంతెన ఎక్కగానే రోజూలాగే గొంతెత్తాడు. "నాలుగో కాలు, నాలుగో కాలు, దిగేవాళ్లు ముందుకి రండి."

నాన్న బస్సుని అంచుకి ఆనించి, మెట్టుకీ గట్టుకీ మధ్య అంగుళం కూడా లేకుండా ఆపాడు. నీళ్లమ్మ దిగి, గొట్టం సర్దుకుని, రెయిలింగు పక్క మెట్లు చేరేదాకా బస్సు కదపలేదు. వెనక కారు హారన్ కొట్టింది. అయినా కదపలేదు.

చిట్టి దిగాల్సింది కూడా అక్కడే. ఆవిడ వెనకే అదే మెట్టు దిగి, ఆవిడ పక్కనే అదే యార్డులోకి నడవాలి. చిట్టి లేవలేదు. బస్సు కదిలింది.

"నీ స్టాపు దాటిపోయింది" అన్నాడు నాన్న, అద్దంలో చూస్తూ.

"తెలుసు నాన్నా."

తర్వాతి స్టాపులో దిగి, వంతెన మీద వెనక్కి నడవడం మొదలుపెట్టింది.